పక్షికంటే ముందు పంజరం

చార్మినారుకు దగ్గరలోని ముర్గీ చౌక్‌కు పక్షుల కోసం వెళ్లేవారిలో చాలామంది ముందు పక్షిని బేరమాడి, తర్వాత దుకాణదారు దానితోపాటు చేతికిచ్చిన చిన్న పంజరంతోనే సరిపెట్టుకుంటారు. ఆ పంజరం పక్షిని ఇంటిదాకా చేర్చడానికి పనికొస్తుందే తప్ప అందులో అది ఏళ్ల తరబడి బతకలేదు. బాగా చూసుకుంటే బడ్జీ అనే చిన్న చిలుక ఏడెనిమిదేళ్లు, తల మీద కుచ్చుండే కాకటీల్ అనే చిలుక పదిహేనేళ్లకు పైగా బతుకుతాయి. అన్నేళ్లూ ఉండవలసిన ఇల్లు కాబట్టి, పంజరాన్ని ముందే కొని, ఇంట్లో దానికి చోటు కుదిర్చి, ఆ తర్వాతే పక్షిని తెచ్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఏ పక్షిని పెంచబోతున్నారో తేల్చుకోనిదే పంజరం కొలత తేలదు. మన ఊళ్లో లవ్‌బర్డ్స్ అని అడిగితే తరచుగా చూపించేవి బడ్జీలు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికా చిలుకలు. వాటి ముక్కు గట్టిది, సన్నని తీగను ఇట్టే వంచేస్తుంది. రామచిలుక మన దేశపు వన్యపక్షి గనుక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టి పెంచుకోవడం నేరం. దానికి తగిన పంజరమంటూ ఏదీ లేదు.

దుకాణంలో కంటికి ఆనేది ఎత్తు, కాని పక్షికి అక్కరకొచ్చేది పొడవు. పక్షి అడ్డంగా ఎగురుతుంది. సన్నగా, పొడుగ్గా గోపురంలా నిలబెట్టిన పంజరంలో అది రెక్క విప్పితే రెండో చప్పుడుకే తీగలకు తగులుతుంది. బడ్జీ రెక్కలు చాస్తే ఆ కొస నుంచి ఈ కొసకు దాదాపు 12 అంగుళాలు ఉంటుంది కనుక, ఒక జతకు కనీసం 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు కావాలి. కాకటీల్ తోకతో కలిపి అడుగుకు పైగా ఉంటుంది. దాని జతకు 36 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉండేలా చూడండి. కొలత టేపు వెంట తీసుకెళ్లి లోపలి కొలతలే తీసుకోండి. గిన్నెలు, కర్రలు, ఊయల పెట్టాక మిగిలే ఖాళీయే పక్షికి దక్కే చోటని మరవవద్దు.

గుండ్రటి పంజరాలను, గుమ్మటం కప్పున్న పంజరాలను ఎంత ముచ్చటగా ఉన్నా కొనవద్దు. మా ఇంటికి తెచ్చిన మొదటి పంజరం అలాంటిదే. బంగారు రంగు, పైన కలశంలాంటి కొక్కెం. అంచున అరంగుళం ఎడమున్న తీగలు పైకి పోయేకొద్దీ దగ్గరపడి, కొసన గోరు పట్టనంత సందు మాత్రమే మిగిలేది. ఒక తెల్లవారుజామున మా నీలి బడ్జీ ఆ సందులో వేళ్లు ఇరుక్కుని తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. కటింగ్ ప్లేయర్‌తో తీగ తుంచి దాన్ని విడిపించేసరికి కాలు వాచిపోయింది. ఊడిన గోరు మళ్లీ రాలేదు. అప్పటి నుంచి తీగల మధ్య సందును మొదలు నుంచి చివరిదాకా కొలవనిదే నేను పంజరం కొనలేదు. బడ్జీలకు, ఫించ్‌లనే చిన్న పిట్టలకు ఆ సందు అరంగుళం దాటకూడదు. దాటితే తల బయటికి దూర్చి వెనక్కి తీసుకోలేక చనిపోతాయి. కాకటీల్‌కు ముప్పావు అంగుళం వరకు ఫరవాలేదు. చిలుక జాతి పక్షులు ముక్కుతో పట్టుకుని పైకి పాకుతాయి గనుక కనీసం రెండు వైపులైనా అడ్డతీగలు ఉండడం మేలు.

తీగ నాణ్యత తెలుసుకోవడానికి కాస్త దూది చాలు. లోపలి అతుకుల మీదుగా దూదిని నెమ్మదిగా రాయండి. అది ఎక్కడ పట్టుకుంటే అక్కడ పక్షి పాదాన్ని కోసే మొన ఉన్నట్టే. తర్వాత ఒక మూల గోటితో గీకి చూడండి, రంగు పొరలుగా లేస్తే దాన్ని వదిలేయండి, ఎందుకంటే పక్షి రోజంతా ఆ తీగలనే కొరుకుతుంది. చవకగా దొరికే జాలీకి ఉండే జింకు పూత పక్షి కడుపులోకి పోతే విషమవుతుంది. కొనక తప్పకపోతే వెనిగర్‌తో, బ్రష్‌తో బాగా రుద్ది కడిగి ఆరబెట్టాలి. దానివల్ల ముప్పు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. స్టెయిన్‌లెస్ స్టీల్ ఖరీదైనదే, అయినా నిశ్చింతగా కొనదగినది అదొక్కటే.

పైకెత్తే తలుపును పక్షి ముక్కుతో లేపి మెడ ఇరికించుకోగలదు, కాబట్టి పక్కకు తెరుచుకుని గొళ్లెం పడే తలుపును ఎంచుకోండి. అడుగు ట్రే బయటికి లాగేలా, దానిపైన జాలీ ఉండేలా చూడండి. అప్పుడు పాత వార్తాపత్రిక పరిచి, రెట్ట పడ్డ కాగితాన్ని రోజూ మార్చవచ్చు.

పంజరంతో వచ్చే నున్నని ప్లాస్టిక్ కర్రలను తీసేయండి. ఎప్పుడూ ఒకే లావు కర్ర మీద నిలబడితే పాదాల కింద పుండ్లు పడతాయి. జామ కొమ్మో వేప కొమ్మో, మందు కొట్టనిది, చిటికెన వేలంత నుంచి బొటనవేలంత వరకు రకరకాల లావుల్లో కోసి, కడిగి ఎండబెట్టి అమర్చండి. గిన్నెలకు నేరుగా పైన మాత్రం వద్దు.

ఇక చోటు విషయం. వంటింట్లో గాని దాని పక్కన గాని పంజరం పెట్టకూడదు; నాన్‌స్టిక్ పెనం మితిమీరి కాగితే వచ్చే పొగకు పక్షులు నిమిషాల్లో చనిపోగలవు. సాంబ్రాణి, దోమల చుట్టల పొగ కూడా వాటి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో పడమటి బాల్కనీ పొయ్యిలా కాలుతుంది. బాల్కనీకి పావురాల వల ఉన్నా పిల్లులు, ఎలుకలు రాకుండా అది ఆపలేదు. హాలులో ఒక గోడకు ఆనించి, మన కంటి ఎత్తున, కూలర్ గాలి నేరుగా తగలని మూల సరైనది. చీమల బెడద ఉంటే స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. ఖాళీ పంజరాన్ని అక్కడే రెండు రోజులు ఉంచి, ఎండ ఏ వేళకు ఎక్కడికి వస్తోందో, గాలి ఎటు నుంచి కొడుతోందో గమనించి, అవసరమైతే చోటు మార్చి, అప్పుడు పక్షి కోసం బయలుదేరండి.