ట్యాబ్‌లో వీడియో ఆగి ఆగి వస్తోందా? నెట్ ప్లాన్ మార్చే ముందు ఇవి చూడండి

ఇంట్లో కంప్యూటర్‌లోనో, రౌటర్‌కి తగిలించిన హార్డ్ డిస్క్‌లోనో ఉన్న సినిమాని వైఫై మీద ట్యాబ్‌లో చూస్తుంటే ఆగిపోతోందనుకోండి, మన వైజాగ్‌లో చాలామంది ముందు చేసే పని నెట్ అబ్బాయికి ఫోన్ కొట్టడం. అతనొచ్చి స్పీడ్ టెస్ట్ చూపిస్తాడు, ఇంకాస్త ఎక్కువ కడితే పెద్ద ప్లాన్ వేస్తానంటాడు, మనం వేయించుకుంటాం, వీడియో మాత్రం మళ్లీ అక్కడే ఆగుద్ది. దయచేసి ఆ డబ్బులు పెట్టకండి. ఇంట్లో ఉన్న ఫైల్ ఇంట్లో ఉన్న ట్యాబ్‌కి రావడానికి ఇంటర్నెట్‌తో పనే లేదండి, కంప్యూటర్ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి ట్యాబ్‌కి, అంతే దారి. నమ్మకం కుదరకపోతే ఈసారి గాలివానకి బయట కేబుల్ తెగి నెట్ పోయినప్పుడు, కరెంట్ ఉంటే గనక, అదే సినిమా పెట్టి చూడండి, వస్తూనే ఉంటుంది. 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 200 చేసినా ఈ దారిలో ఏమీ మారదు. యూట్యూబ్ లాంటివి ఆగితే ప్లాన్ సంగతి కూడా చూడాలి, అయినా అక్కడా వైఫై గురించి కింద చెప్పినవన్నీ పనికొస్తాయి.

సెట్టింగ్స్ ఏవీ ముట్టుకోకముందు అసలు వీడియో ఎలా ఆగుతోందో కాసేపు గమనించండి. బొమ్మా సౌండూ రెండూ ఒకేసారి ఆగి, మధ్యలో గుండ్రంగా తిరిగి, కాసేపటికి మళ్లీ మొదలైతే ట్యాబ్‌కి డేటా అందట్లేదని. అలా కాకుండా సౌండ్ చక్కగా వస్తూ బొమ్మ మాత్రం గెంతుతూ, పెదాలు ఒకచోట మాట ఒకచోట ఉంటే ఫైల్‌ని విప్పి చూపించడం ట్యాబ్ వల్ల కావట్లేదని. ఈ రెండిటికీ మందు వేరు వేరు. అనుమానం ఉంటే ఆ ఫైల్‌నే యూఎస్‌బీ కేబుల్‌తో ట్యాబ్‌లోకి కాపీ చేసి, వైఫై ఆఫ్ చేసి ఆడించండి. అప్పుడూ గెంతుతోందంటే రౌటర్‌ని తిట్టుకోనక్కర్లేదు. సాఫీగా ఆడిందంటే తప్పు దారిలో ఉంది. నన్నడిగితే ఈ ఒక్క టెస్ట్ చేయకుండా మిగతావేవీ మొదలెట్టకూడదు.

కాపీ చేసినా గెంతే ఫైల్ సంగతి ముందు చూద్దాం. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ఆ ఫైల్ తెరిచి టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ చూస్తే వీడియోని ఏ పద్ధతిలో కుదించారో, అంటే అది హెచ్.264నా, హెచ్‌ఈవీసీనా, ఏవీ1నా అన్నది తెలుస్తుంది. మామూలు 8 బిట్ (రంగుల్ని ఎంత సూక్ష్మంగా దాచారన్న లెక్క) హెచ్.264 ఏ ట్యాబ్ అయినా ఆడిస్తది, ఎందుకంటే దానికోసం చిప్‌లోనే ప్రత్యేకంగా హార్డ్‌వేర్ ఉంటుంది. అదే హెచ్.264 10 బిట్‌లో ఉంటే మాత్రం దాదాపు ఏ ట్యాబ్‌లోనూ హార్డ్‌వేర్ సపోర్ట్ ఉండదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుద్ది, యానిమే ఫైల్స్‌లో ఇది ఎక్కువ కనపడుద్ది. ఏవీ1 వచ్చిందే 2018లో కాబట్టి పాత ట్యాబ్‌ల్లోనూ చవక ట్యాబ్‌ల్లోనూ అది కష్టం. ట్యాబ్‌లో ఎంఎక్స్ ప్లేయర్ యాప్ వాడుతుంటే పైన హెచ్‌డబ్ల్యూ (హార్డ్‌వేర్), ఎస్‌డబ్ల్యూ (సాఫ్ట్‌వేర్) అని గుర్తులుంటాయి కదా, ఎస్‌డబ్ల్యూలో ఉంటే హెచ్‌డబ్ల్యూకో హెచ్‌డబ్ల్యూ ప్లస్‌కో మార్చండి, వీఎల్‌సీలో అయితే సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అప్పటికీ కాకపోతే కంప్యూటర్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకుని దాన్లో ఫాస్ట్ 1080పీ30 అనే ప్రీసెట్ పెట్టి మార్చేసుకోవడమే. ఇంకోటి, మే నెలలో మధ్యాహ్నం మూడింటికి బాల్కనీలో కూర్చుని చార్జింగ్ పెట్టి మరీ చూస్తుంటే ట్యాబ్ వేడెక్కి తనంతట తనే స్పీడ్ తగ్గించేసుకుంటుంది, కవర్ తీసి చార్జర్ పీకి ఫ్యాన్ కింద పెట్టి చూడండి, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే అదీ తీసేయండి.

ఇప్పుడు దారి సంగతి. ముందు ఫైల్ ఎంత వేగం అడుగుతోందో లెక్క కట్టుకోవాలి, లేకపోతే అన్నీ చీకట్లో బాణాలే. లెక్క తేలికే, ఫైల్ సైజు జీబీల్లో తీసుకుని 8000తో గుణించి, వీడియో ఎన్ని సెకన్లుందో దాంతో భాగిస్తే సగటున సెకనుకి ఎన్ని మెగాబిట్లో వచ్చేస్తుంది. రెండున్నర గంటల సినిమా 4 జీబీ ఉందంటే 32000 బై 9000, అంటే మూడున్నర మెగాబిట్ల పైచిలుకు, ఏ వైఫై అయినా మోస్తది. ఇక మనవాళ్లందరి ఇళ్లల్లో ఉండే పెళ్లి వీడియో సంగతి చూడండి. వీడియోగ్రాఫర్ హార్డ్ డిస్క్‌లో వేసి ఇచ్చిన ఇరవై నిమిషాల 4కే క్లిప్ 12 జీబీ ఉందనుకోండి, 96000 బై 1200, అంటే 80 మెగాబిట్లు! వాళ్ల కెమెరాలు చాలావరకు 4కేని 100 మెగాబిట్లలో రికార్డ్ చేస్తాయి, అదే కంప్రెస్ చేయకుండా ఇచ్చేస్తారు. సినిమాలు బాగానే వస్తున్నాయి, పెళ్లి వీడియోకే ఆగుతోంది, డిస్క్ పాడైందేమో అని ఇంట్లో పెద్దవాళ్లు కంగారుపడేది అందుకే. సగటు కాబట్టి తలంబ్రాలు, పూలు, లైట్లు మెరిసే సీన్లలో ఇంకా పైకి పోద్ది, మనకి కావాల్సింది సరిగ్గా అక్కడే ఆగుద్ది. ఐఫోన్‌లో 4కే 60 ఫ్రేముల్లో తీసింది కూడా నిమిషానికి 400 ఎంబీ, అంటే 53 మెగాబిట్లు.

మరి మన వైఫై ఎంత మోస్తుంది? వైఫైకి మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్‌లుంటాయి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో వైఫై సెట్టింగ్స్‌కి వెళ్లి కనెక్ట్ అయిన నెట్‌వర్క్ మీద నొక్కితే లింక్ స్పీడ్, ఫ్రీక్వెన్సీ చూపిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ మీద 72 అనో 65 అనో ఉంటే నిజంగా వచ్చేది అందులో సగం అనుకోండి, అంటే ఆ పెళ్లి వీడియో దేవుడు దిగొచ్చినా ఆడదు. 5 గిగాహెర్ట్జ్‌లో 433 చూపిస్తే 200 పైన వస్తుంది, హాయిగా ఆడుతుంది. అందుకే మొదట చేయాల్సింది ట్యాబ్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చడం. రెండు బ్యాండ్‌లకీ ఒకే పేరు ఉంటే ట్యాబ్ ఒక్కోసారి 2.4కే అతుక్కుపోతుంది, రౌటర్ పేజీలోకి వెళ్లి 5కి వేరే పేరు పెట్టేసి ట్యాబ్‌లో పాత పేరుని ఫర్గెట్ కొట్టేయండి. చానెల్ 36 గానీ 149 గానీ పెట్టుకోండి, 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునే చానెళ్లు, రాడార్ సిగ్నల్ తగిలిందంటే రౌటర్ రూల్ ప్రకారం ఆ చానెల్ ఖాళీ చేయాల్సిందే, ఆ మారే టైంలో వీడియో తెగుద్ది.

5 గిగాహెర్ట్జ్‌కి గోడలంటే పడదు. ఫైబర్ వేసినవాళ్లు కేబుల్ ఎక్కడ లోపలికొస్తే రౌటర్ అక్కడే బిగించేసి పోతారు, చాలా ఇళ్లల్లో అది గుమ్మం పైనో టీవీ వెనకో ఉంటుంది, ఇంకొన్ని ఇళ్లల్లో అయితే ఇనప బీరువా మీద సూట్‌కేసుల మధ్య. బీరువా, ఫ్రిజ్, టైల్స్ వేసిన బాత్‌రూం గోడ, ఇవి అడ్డొస్తే బెడ్‌రూంలో సిగ్నల్ చచ్చిపోద్ది. వైఫై అనలైజర్ లాంటి యాప్ వేసి మంచం మీద కూర్చుని చూడండి, సిగ్నల్ బలం డీబీఎంల్లో చూపిస్తుంది, మైనస్ 50 చుట్టూ ఉంటే బ్రహ్మాండం, మైనస్ 67 దాకా వీడియోకి పర్లేదు, మైనస్ 75 దాటిందంటే ముందు రౌటర్ జాగా మార్చాలి, మిగతావి తర్వాత. సీతమ్మధార, అక్కయ్యపాలెం వైపు అపార్ట్‌మెంట్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి పక్క ఫ్లాట్ల నెట్‌వర్క్‌లు కూడా ఆ యాప్‌లో బారెడు లిస్ట్ కనపడుద్ది. తప్పక 2.4లోనే ఉండాల్సి వస్తే 1, 6, 11 చానెళ్లలో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టి చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించండి. మైక్రోవేవ్ ఒవెన్ ఉండేదీ 2.4లోనే, బ్లూటూత్ కూడా అక్కడే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడే ఆగుతోందంటే ఇదే కారణం అయ్యుండొచ్చు, చవక ట్యాబ్‌ల్లో వైఫైకీ బ్లూటూత్‌కీ ఒకటే యాంటెనా, ఒకసారి వైర్ ఇయర్‌ఫోన్స్‌తో చూడండి.

చాలామందికి తట్టని విషయం ఇంకోటుంది, అసలు నేనిది రాయడానికి కారణం కూడా ఎక్కువగా ఇదే. లాప్‌టాప్ కూడా వైఫై మీదే ఉందనుకోండి, ప్రతి ముక్కా ముందు లాప్‌టాప్ నుంచి రౌటర్‌కి గాల్లో రావాలి, మళ్లీ రౌటర్ నుంచి ట్యాబ్‌కి గాల్లోనే పోవాలి. రెండూ ఒకే చానెల్ మీద ఉంటే ఉన్న వేగం సగానికి పడిపోద్ది. మధ్యలో సిగ్నల్ అందుకుని ముందుకి పంపే రిపీటర్ ఉంటే ఇంకా తగ్గుద్ది. ఫైల్స్ ఉన్న మెషీన్‌ని ఒక్క లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలపండి చాలు, కొత్త రౌటర్ కొనాల్సిన అవసరమే రాని ఇళ్లు బోలెడు.

కేబుల్ వేశాక అయిపోలేదండి, కంప్యూటర్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉండాల్సింది 100 చూపిస్తుంటే ప్లగ్ పీకి వెలుతుర్లో పట్టుకుని చూడాలి. బీచ్ రోడ్, లాసన్స్ బే, పెదవాల్తేరు, పాండురంగాపురం వైపు ఇళ్లల్లో గ్రిల్సూ తాళాలే కాదు ఇవి కూడా ఉప్పుగాలికి పాడవుతాయి. ప్లగ్ మొనలో బంగారు రంగువి ఎనిమిది సన్నటి పళ్లుంటాయి, వాటిలో ఒకటో రెండో మెరుపు పోయి అంచున ఆకుపచ్చగా చిలుం పట్టి కనపడతాయి. వెయ్యి స్పీడ్‌కి లోపలున్న నాలుగు జతల వైర్లూ కావాలి, వందకి రెండు జతలు చాలు, అందుకే వందకి అక్కర్లేని జతల్లో ఒక్క పన్ను పాడైనా నెట్ ఆగకుండా నెమ్మదైపోద్ది, ఎవరికీ అనుమానం రాదు. కత్తితో గీకకండి, పైనున్న బంగారు పూత పోతే ఇంకా తొందరగా పట్టేస్తది. ద్వారకానగర్ వైపు ఏ కంప్యూటర్ షాప్‌లో అయినా ఆ మొన కోసి కొత్త ప్లగ్ క్రింప్ చేసి ఇస్తారు. రౌటర్ మీదే గిగాబిట్ పోర్ట్ లేకపోతే వంద కన్నా ఎక్కువ రాదు, అది ప్లగ్ తప్పు కాదు.

ఇంత చేశాక దారిని నిజంగా కొలవాలంటే ఐపెర్ఫ్3 అనే వేగం కొలిచే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాడండి. కంప్యూటర్‌లో సర్వర్‌గా నడిపి, ట్యాబ్‌లో ఐపెర్ఫ్ ఉన్న ఏదైనా యాప్ వేసి, మీరు సినిమా చూసే చోటే కూర్చుని, రివర్స్ మోడ్‌లో కొట్టండి, ఎందుకంటే మనకి కావాల్సింది కంప్యూటర్ నుంచి ట్యాబ్‌కి వచ్చే వేగం. ఒక నిమిషం నడవనిచ్చి సగటుతో పాటు మధ్యలో ఎంత కిందికి పడుతోందో కూడా చూడండి. ఫైల్ అడిగే దానికి రెండింతలు వస్తుంటే దారి క్లీన్ అని వదిలేయండి.

దారి క్లీన్‌గా ఉండి కూడా ఆగుతోందంటే పంపేవైపు చూడాలి. కంప్యూటర్‌లోని వీడియోల్ని ట్యాబ్‌కి పంపే జెల్లీఫిన్, ప్లెక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు వాడుతుంటే ఆడేటప్పుడు డాష్‌బోర్డ్‌లో డైరెక్ట్ ప్లే (ఫైల్ ఉన్నదున్నట్టు పంపడం) అని ఉందా, ట్రాన్స్‌కోడ్ అని ఉందా చూడండి. ట్రాన్స్‌కోడ్ అంటే అప్పటికప్పుడు వీడియోని మార్చి పంపుతోందని, పాత ప్రాసెసర్ అయితే 4కే దగ్గర చేతులెత్తేస్తది. క్వాలిటీ ఒరిజినల్‌కి పెట్టండి, సబ్‌టైటిల్స్ ఆఫ్ చేసి చూడండి, బ్లూరే నుంచి తీసిన బొమ్మల సబ్‌టైటిల్స్ ఉంటే వాటిని వీడియోలో కలపడానికే ట్రాన్స్‌కోడ్ మొదలవుద్ది. రౌటర్ యూఎస్‌బీకి డిస్క్ తగిలించి వాడేవాళ్లు పెద్ద ఆశలు పెట్టుకోకండి, రౌటర్‌లో ఉండే చిన్న ప్రాసెసర్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫార్మాట్) డిస్క్ చదవడమే బరువు. ఫైల్స్‌ని ఒకసారి కాపీ చేసి చూస్తే ఎంత ఇస్తుందో తెలిసిపోద్ది.

క్యాష్, అంటే వీడియోని కాస్త ముందుగానే తెచ్చి దాచుకోవడం, పెంచమని అందరూ ముందు చెప్తారు, నేను కావాలనే చివరికి పెట్టాను. వీఎల్‌సీ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ క్యాషింగ్ విలువ మిల్లీసెకన్లలో ఉంటుంది, 3000 నుంచి 5000 దాకా పెట్టొచ్చు. మధ్యమధ్యలో ఒక సెకను పాటు వైఫై తడబడితే ఇది కాపాడుద్ది. సగటు వేగమే తక్కువైతే మాత్రం ఎంత పెంచినా మొదట్లో కాసేపు బాగా వచ్చి తర్వాత ఆగుద్ది, ఆ ఫైల్‌ని హ్యాండ్‌బ్రేక్‌తో చిన్నది చేసుకోవాల్సిందే. పెళ్లి వీడియో అయితే ఒరిజినల్ డిలీట్ చేయకుండా పక్కన భద్రంగా ఉంచుకుని, ట్యాబ్ కోసం వేరే కాపీ చేసుకోండి.