ఇంగ్లండుకు చదువుకు పోతున్నారా? కొండెక్కే గుంపులో చేరండి

అనంతపురం, కడప వైపు నుంచి ఇంగ్లండుకు చదువుకు పోయే పిల్లలకు ఒక మాట. మొదటి వారాల్లోనే యూనివర్సిటీ క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని కొత్తవాళ్లను చేర్చుకుంటాయి. అందులో హైకింగ్ క్లబ్బు ఎక్కడుందో వెతికి పేరు రాయించుకోండి. పార్టీల్లో పాటల హోరుకు యాస అర్థం కాక తల ఊపడమే సరిపోతుంది. కొండదారిలో అయితే పక్కన నడిచేవాళ్లతో గంటలకొద్దీ మాట్లాడక తప్పదు, స్నేహం దానంతటదే కుదురుతుంది.

అంత దూరం పోలేకపోతే పార్క్‌రన్ ఉంది, అంటే వారం వారం పార్కులో అందరూ కలిసి పరుగెత్తడం. 2004లో లండన్ బుషీ పార్కులో మొదలైంది. శనివారం పొద్దున 9కి, 5 కిలోమీటర్లు, పైసా కట్టక్కర్లేదు. నడిచినా ఎవరూ ఏమనరు. ఒకసారి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని బార్‌కోడ్ తీసుకెళ్తే చాలు.

గుత్తి కోట ఎక్కినవాళ్లకు నడక కొత్తేం కాదు గానీ, అక్కడి వాన వేరు. మన ఎండకు హాయిగా ఉండే కాటన్ చొక్కా, జీన్సు తడిస్తే ఒక పట్టాన ఆరవు, చలి ఎముకల్లోకి దిగుతుంది. త్వరగా ఆరే పాలిస్టర్ టీషర్టు, పైన రెయిన్ జాకెట్ వేసుకోండి. బూట్లు ముందే కొని, ఏ గండికోటకో పోయి కాలికి అలవాటు చేసుకోండి. లేదంటే మొదటి కొండకే బొబ్బలు.

సంచిలో అమ్మ కట్టిచ్చిన చెనిక్కాయ ఉండలుంటే, తీసేముందు అందరినీ అలర్జీ ఉందేమో అడగండి. వేరుశనగ పడనివాళ్లలో కొందరికి ప్రాణం మీదికొస్తుంది. అట్లాంటివాళ్లు ఒక్కరున్నా డబ్బా మూత తెరవొద్దు.