అమెరికాలో ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) చేస్తున్నారా? ఐసీఎంఏని ఇలా వాడుకోండి

ఎంపీఏతో వెళ్లగలిగే ఉద్యోగాల్లో ఒకటి సిటీ మేనేజర్, అంటే మన మున్సిపల్ కమిషనర్ లాంటి పోస్టే అనుకోండి, కాకపోతే మన దగ్గర కమిషనర్‌ని ప్రభుత్వం వేస్తుంది, అక్కడ ఎన్నికైన కౌన్సిలే తీసుకుంటుంది, నచ్చకపోతే తీసేస్తుంది కూడా. డల్లాస్‌లో ఇదే పద్ధతి. ఇలాంటి మేనేజర్ల సంఘమే ఐసీఎంఏ (ఇంటర్నేషనల్ సిటీ/కౌంటీ మేనేజ్‌మెంట్ అసోసియేషన్; కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), 1914లో మొదలైంది.

ముందు స్టూడెంట్ మెంబర్‌గా చేరండి. మీ యూనివర్సిటీలో ఐసీఎంఏ స్టూడెంట్ చాప్టర్ (విద్యార్థుల శాఖ) ఉందేమో కనుక్కోండి, దాంతోపాటు మీ స్టేట్ అసోసియేషన్‌లో కూడా చేరితే మంచిది, టెక్సస్ వాళ్లకి టీసీఎంఏ (టెక్సస్ సిటీ మేనేజ్‌మెంట్ అసోసియేషన్) ఉంది, నా లెక్కలో పరిచయాలు నిజంగా దొరికేది అక్కడే.

చేరేముందు ఐసీఎంఏ కోడ్ ఆఫ్ ఎథిక్స్ (నైతిక నియమావళి) చదవండి, 1924 నుంచి ఉంది, ఊరికే పేపర్ మీద రూల్స్ కాదు, వాటిని మీరితే మెంబర్‌షిప్పే పోవచ్చు. సిటీలో పనిచేస్తూ లోకల్ ఎలక్షన్‌లో ఎవరికో ప్రచారం చేయడం, చందా ఇవ్వడం కుదరదు, ఓటు హక్కు ఉన్నవాళ్లు ఓటు మాత్రం వేసుకోవచ్చు (ప్రచారం మానడమే మనవాళ్లకి కష్టం లెండి).

డిగ్రీ అయిపోవస్తుంటే ఐసీఎంఏ వాళ్ల లోకల్ గవర్నమెంట్ మేనేజ్‌మెంట్ ఫెలోషిప్‌కి అప్లై చేయండి, అందులో జాబ్ ఇచ్చేది సిటీయో కౌంటీయో కాబట్టి వీసా సంగతి వాళ్లనే ముందే అడిగేయండి.