బ్యాటరీ బండికి రివర్స్ లైటు పెట్టడం ఎలా?

మా హాస్పిటల్ క్యాంపస్‌లో నాలుగు గోల్ఫ్ కార్టులున్నాయి. గేటు దగ్గర దిగిన పెద్దవాళ్ళను ఓపీ దాకా చేర్చేవి అవే. ఇక్కడ అందరూ బ్యాటరీ బండి అనే అంటారు. వెనక్కి తీసేటప్పుడు బజర్ మోగుతుంది, కానీ మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి చెవులు సరిగా వినపడవు. ఒక సాయంత్రం చీకటి పడే వేళ ఓ తాతగారికి జానెడు దూరంలో బండి ఆగింది. ఆ మర్నాడే లైట్ల పని మొదలుపెట్టాను.

లైటు బిగించడం పెద్ద పని కాదు. దానికి 12 వోల్టులు ఎక్కడి నుంచి తీస్తామన్నదే అసలు సంగతి. మా బళ్ళలో 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు సిరీస్‌లో ఉంటాయి, మొత్తం 48. సీటు ఎత్తగానే 12 వోల్టుల బ్యాటరీ కళ్ళెదుటే ఉంటుంది కదా, చాలామంది ఒకదానికే వైర్లు తగిలించేస్తారు. నాకంటే ముందు ఎవరో ఒక బండికి హెడ్‌లైట్లు, హారన్, ఫ్యాను అన్నీ అలాగే ఇచ్చారు. రాత్రంతా ఛార్జ్ చేసి, కాసేపు వదిలేసి మీటరు పెట్టి చూస్తే మూడు బ్యాటరీలు 12.7 చూపించాయి, ఆ ఒక్కటి 12.1. ఛార్జర్‌కు మొత్తం వోల్టేజీ తప్ప ఏ బ్యాటరీ ఎలా ఉందో విడిగా తెలియదు. దిగిపోయినది నిండదు, నిండినవాటిలో నీళ్ళు తగ్గిపోతూ ఉంటాయి. చివరికి సెట్టు మొత్తం పాడవుతుంది. రివర్స్ లైటు ఒక్కటే అయితే తాగేది తక్కువే, కానీ ఒక వైరున్న చోట రేపు ఇంకోటి చేరుతుంది.

అందుకే 48ని 12కు దించే డీసీ కన్వర్టర్ కొనండి. 10 ఆంపియర్లది చాలు. ఛార్జింగ్‌లో ప్యాక్ 59 వోల్టుల దాకా వెళ్తుంది కాబట్టి, ఇన్‌పుట్‌లో 60కి పైన తట్టుకునేదే తీసుకోండి. ఇంకా 48 వోల్టుల డీసీ కాయిల్ ఉన్న రిలే (కాయిల్‌కు కరెంటు అందగానే లోపలి కాంటాక్ట్‌ను కలిపే స్విచ్), 10 వాట్ల ఎల్ఈడీ లైటు, ఒక చదరపు మిల్లీమీటరు వైరు కావాలి. కార్లకు వేసే మామూలు బ్లేడ్ ఫ్యూజులు 32 వోల్టుల వరకే పనికొస్తాయి. 48 వైపు వేసే 5 ఆంపియర్ల ఫ్యూజు మీద 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వోల్టులు రాసి ఉండాలి.

మొదలుపెట్టే ముందు ఉంగరం, వాచీ తీసేయండి. ఛార్జర్ ప్లగ్గు పీకి, కీ ఆఫ్ చేసి, రన్-టో స్విచ్ (బండిని నడపడానికా, తాడు కట్టి లాగడానికా అని మార్చేది) ఉంటే టోలో పెట్టి, ప్యాక్ మెయిన్ నెగెటివ్ ఊడదీయండి. స్పానర్‌కు పిడి మొత్తం టేపు చుట్టండి. అది రెండు టెర్మినళ్ళ మధ్య పడితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది.

కన్వర్టర్ ఇన్‌పుట్‌ను ప్యాక్ రెండు చివరలకే కలపాలి: మొదటి బ్యాటరీ ప్లస్, ఆఖరి బ్యాటరీ మైనస్. ప్లస్ వైరులో బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు, ఆ తర్వాత ఒక స్విచ్. బండి నిలిపి ఉంచినప్పుడు కన్వర్టర్ ఊరికే కరెంటు తాగకుండా ఆ స్విచ్ ఆపుతుంది.

రివర్స్‌లో పడిందని లైటుకు చెప్పేది బజరే. వెనక చక్రాలు జాకీ మీద లేపి, నెగెటివ్ తిరిగి కలిపి, స్విచ్ రన్‌లోకి మార్చి, కీ ఆన్ చేసి, రివర్స్‌లో వేసి బజర్ రెండు వైర్ల మధ్య మీటరు పెట్టండి. మా బళ్ళలో 50 దగ్గర వచ్చింది. మీకు 12 వస్తే 12 వోల్టుల కాయిల్ రిలే వేయాలి. మళ్ళీ కీ ఆఫ్ చేసి, టోలో పెట్టి, నెగెటివ్ తీసేసి, రిలే కాయిల్‌ను బజర్‌కు సమాంతరంగా కలపండి. కాయిల్ రెండు కాళ్ళ మధ్య ఒక 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) వేసి, గీత ఉన్న కొసను ప్లస్ వైపు ఉంచండి. కన్వర్టర్ 12 వోల్టుల ప్లస్ 3 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా రిలే కాంటాక్ట్‌లోకి వెళ్ళి, అక్కడి నుంచి లైటుకు వెళ్తుంది. కార్ల రిలే అయితే కాయిల్ 85, 86 కాళ్ళు. కాంటాక్ట్ 30, 87.

లైటు మైనస్‌ను కార్లలోలా బాడీకి కలపకండి. ఈ బళ్ళలో చాలావాటికి ఛాసిస్ నెగెటివ్ కాదు. కన్వర్టర్ మైనస్ దాకా విడిగా వైరు లాగాలి.

లైటును బంపర్ మీద పెట్టి కొంచెం కిందికి వంచండి, వెలుగు నాలుగైదు అడుగుల దూరంలో నేల మీద పడాలి. సూటిగా పెడితే వెనక వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళ కళ్ళలో పడుతుంది. మొదటి బండికి నేను ఆ తప్పే చేసి, సాయంత్రం మళ్ళీ విప్పాల్సి వచ్చింది.