విండోస్ పక్కన ఉబుంటు: ఇన్‌స్టాల్‌కు ముందు జాగ్రత్తలు

సెలవులకు అనంతపురం, కడప కాలేజీల నుంచి ల్యాప్‌టాప్‌తో ఇంటికి చేరి, ఉన్న విండోస్‌ను ఉంచుకుంటూనే ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) కూడా వేసుకోవాలనుకునే విద్యార్థులు ముందుగా చూసుకోవలసినవి ఇవి.

ప్రాజెక్టు ఫైళ్లు, ఫొటోలు మరో హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఇన్‌స్టాల్ సమయంలో 'ఎరేజ్ డిస్క్' అన్న వరుసను పొరపాటున ఎంచుకుంటే విండోస్‌తో పాటు డీ డ్రైవ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. డ్రైవ్‌లు వేరుగా కనిపించినా చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు ఒక్కటే.

డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయమైన బిట్‌లాకర్ రికవరీ కీలోని 48 అంకెలను కాగితంపై రాసుకోండి. బూట్ (కంప్యూటర్ మొదలయ్యే) అమరికలు మారినప్పుడు విండోస్ ఆ కీ అడగవచ్చు, అది లేనివారికి తమ డిస్కే తెరుచుకోదు. మేము బిట్‌లాకర్ పెట్టలేదని అనుకోకండి, కొత్త ల్యాప్‌టాప్‌లలో అది తనంతట తానే అమలై ఉండవచ్చు.

లినక్స్ కోసం కనీసం 25 జీబీ ఖాళీని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే వేరుచేయండి, తన విభాగాన్ని కుదించుకోవడం విండోస్‌కే బాగా తెలుసు.

ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు, ఆ స్థితిలో లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు.

ఛార్జర్ పెట్టినా బ్యాటరీ నిండుగా ఉండాలి. మన ఎండాకాలపు కరెంటు సంగతి తెలిసిందే.

తర్వాత విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనుకబడితే కంగారు పడకండి, లినక్స్ హార్డ్‌వేర్ సమయాన్ని యూటీసీగా (మన సమయానికి ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంగా) లెక్కించడమే కారణం.