ఇల్లు అమ్మేశారా? తాళాలు ఇచ్చేలోపు పెట్టాల్సిన దరఖాస్తులు

విజయవాడ పటమట సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసి బయటికొచ్చి, పక్కనే టీ తాగి, హమ్మయ్య అనుకుంటాం. ఇల్లు చేతులు మారింది నిజమే. కరెంటు మీటరు మాత్రం ఇంకా మీ పేరు మీదే తిరుగుతుంటుంది, ఇంటిపన్ను కూడా మీ పేరునే పడుతుంటుంది. కొన్నవాళ్లే మార్చుకుంటార్లే అని మనం, తర్వాత చూద్దాంలే అని వాళ్లు. అందుకే తాళాలు ఇచ్చే రోజు కొన్నవారిని కూర్చోబెట్టుకుని, మీ సంతకం కావాల్సిన కాగితాలన్నీ ఆ పూటే తెమల్చండి. సామాను లారీ ఎక్కాక ఎవరూ దొరకరు.

ముందు కరెంటు సంగతి. విజయవాడ, గుంటూరు రెండూ ఏపీసీపీడీసీఎల్ అనే కరెంటు పంపిణీ సంస్థ పరిధిలోవే. పేరు మార్పు దరఖాస్తు పెట్టాల్సింది కొన్నవారు. మీసేవలోనో, కరెంటాఫీసు కస్టమర్ కేర్ సెంటర్లోనో ఇవ్వొచ్చు. రిజిస్టరైన దస్తావేజు నకలు, ఆధార్, 13 అంకెల సర్వీసు నంబరున్న తాజా బిల్లు, అది కట్టిన రసీదు, స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండు (తర్వాత నష్టం వస్తే తామే భరిస్తామన్న హామీపత్రం) సిద్ధంగా ఉంచుకోవాలి. పైసా బాకీ ఉన్నా ఫైలు కదలదు. మీరివ్వాల్సింది అభ్యంతరం లేదన్న ఉత్తరం.

ఆ ఉత్తరంలో డిపాజిట్ ఊసు లేకుండా సంతకం పెట్టకండి. కనెక్షన్ తీసుకున్నప్పుడు కట్టిందీ, వాడకం పెరిగిందని ఆ తర్వాత ఏసీడీ పేరుతో బిల్లులో వేసిందీ కలిపి మీ సర్వీసు మీద కొంత సొమ్ము నిలవ ఉంటుంది. రెండు ఏసీలున్న ఇంటికి అది చిన్న మొత్తమేం కాదు. సర్వీసుతోపాటు అదీ కొన్నవారికి బదిలీ అవుతుంది. వాళ్ల దగ్గర విడిగా పుచ్చుకుంటారో, ధరలోనే కలిసిపోయిందనుకుంటారో ముందే తేల్చుకోండి. మా బేరంలో ఆ మాటే రాలేదు, పోయింది పోయినట్టే.

ట్రూ అప్ చార్జీల తంటా ఇంకొకటి. ఎప్పుడో వాడిన కరెంటుకు సర్దుబాటు ఇప్పటి బిల్లులో అదే సర్వీసు నంబరు మీద పడుతుంది. అంటే మీరు వాడినదానికి కొన్నవాళ్లు కట్టాల్సి రావచ్చు. వాళ్లు ఫోన్ చేసి అడిగితే విసుక్కోకండి, న్యాయం వాళ్ల వైపే ఉంది.

ఇల్లు అప్పగించే రోజు మీటరు ఫొటో తీసుకోండి. తెర మీద తేదీ, టైము, ఇంకేవో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూపోతూ ఉంటాయి. కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని పక్కన కనపడినప్పుడు ఫొటో నొక్కాలి. ఆ ఫొటో కొన్నవారికి వాట్సాప్‌లో పంపి, ‘చూశాం’ అనిపించుకోండి.

సత్యనారాయణపురంలో ఇల్లమ్మి గుంటూరు బ్రాడీపేట వచ్చేసినప్పుడు ఇవేవీ నేను చెయ్యలేదు. నెలనెలా బిల్లు మెసేజి నా ఫోనుకే. అడిగితే, “కట్టేస్తున్నాం కదా మాస్టారూ, పేరుదేముందండీ!” అన్నారు ఇల్లు కొన్నాయన. ఐదో నెలలో తెలిసింది, కింది భాగంలో టైలరింగ్ షాపు పెట్టి, ఇంటి కేటగిరీ మీటరు మీదే కుట్టుమిషన్లు నడుపుతున్నారని. నోటీసు ఎవరి పేరున వస్తుంది? మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్లకే. ఆ తర్వాత నాలుగు రోజుల్లో పేరు మారింది, ఆయన చలవ కాదు, నేనే వెళ్లి కూర్చున్నాను.

ఇంటిపన్ను విషయంలో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ఆస్తి చేతులు మారిన మూడు నెలల్లోపు కార్పొరేషన్‌కు రాతపూర్వకంగా తెలపాల్సిన బాధ్యత కొన్నవారిదే కాదు, అమ్మినవారిది కూడా. తెలపకపోతే పన్ను బాధ్యత మీ మెడకే ఉండిపోవచ్చు. దస్తావేజు నకలు, అసెస్‌మెంట్ నంబరు జతచేసి కమిషనరు పేర ఒక అర్జీ ఇచ్చి, స్టాంపు వేసిన రెండో కాపీ దాచుకోండి. పన్ను ఆరునెలలకోసారి లెక్క, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. నడుస్తున్న అర్ధ సంవత్సరం ఎవరు కట్టాలో అగ్రిమెంట్లోనే రాసుకుంటే పేచీ ఉండదు. కుళాయి చార్జీలూ అప్పుడే కట్టేయండి.

ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే కొన్నవారు ఆదాయపన్ను కింద ఒక శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది ఇస్తారు. ఆ శాతం మీ పాన్ మీద జమైనట్టు సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, లేకపోతే రిటర్ను వేసేటప్పుడు అది మీ డబ్బేనని నిరూపించుకోలేక అవస్థ.

అడ్రసు మార్పుల్లో ఆధార్ ముందు కానివ్వండి. కొత్త ఇంటికి మీ పేరున ఏ రుజువూ లేక కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉండబోతున్నారా, వాళ్లను కుటుంబ పెద్దగా చూపించి మార్చుకునే వీలుంది. ఆన్‌లైన్లో అర్జీ పెడితే వాళ్ల ఫోనుకు మెసేజి వెళ్తుంది, 30 రోజుల్లో వాళ్లు ఒప్పుకోవాలి. ఓటుకు ఫారం 8. ఫారం 6 కొత్త ఓటర్లకు, పొరపాటున అది నింపకండి. పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలు కొత్త చోటికి మళ్లించమని ఆ పాత ఇంటి పోస్టాఫీసులో ఒక కాగితం ఇస్తే సరిపోతుంది.

గ్యాసు మాత్రం ఆఖర్న. వేరే ఊరు వెళ్తుంటే బండ, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగించి, కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన ఎస్వీ (సబ్‌స్క్రిప్షన్ వోచరు) కాగితం చూపిస్తే డిపాజిట్ వాపసు ఇచ్చి ట్రాన్స్‌ఫర్ వోచరు ఇస్తారు. కొత్త ఊళ్లో అది చూపిస్తేనే కనెక్షన్, భద్రం. పొయ్యి, ట్యూబు మీవే, ఇవ్వక్కర్లేదు. మేం తొందరపడి మూడు రోజుల ముందే బండ ఇచ్చేశాం. మా ఆవిడ కాఫీ కోసం పొద్దున్నే ఎదురింటి వాళ్ల తలుపు కొట్టాల్సి వచ్చింది, ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది.