నాటు కోళ్లకు కొక్కెర టీకా నీళ్లలో ఎలా ఇవ్వాలి?

నల్గొండ చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా ఇదే వరస. కోళ్లు మెడలు తిప్పుకుంటూ ఆకుపచ్చగా పారడం మొదలవగానే టెట్రాసైక్లిన్ పొడి తెచ్చి నూకల్లో కలిపేస్తారు. ఆ పొడి బ్యాక్టీరియాకు. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది. దాణాలో ఏ మందు కలిపినా అది తగ్గదు. రోగం రాకముందే టీకా పడాలి, అంతే.

లసోటా (కొక్కెర టీకా పేరు) సీసా, ఐసు వేసిన థర్మాకోల్ డబ్బా, వెన్న తీసిన పాలపొడి, ప్లాస్టిక్ తొట్లు దగ్గర పెట్టుకోండి. రేకు గిన్నెలు వద్దు. వారం లోపు పిల్లలకు మొదటి డోసు కంట్లో చుక్కగా వేయాలి. నీళ్లలో ఇచ్చేది నాలుగో వారంలో వేసే బూస్టర్. సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మే నెలలో దేవరకొండ బస్సులో చొక్కా జేబులో పెట్టుకొచ్చిన సీసాను కోళ్లకు పోసినా ఒకటే, పారబోసినా ఒకటే.

అసలు తంటా అంతా నీళ్లతోనే. టీకాలో ఉన్నది బతికున్న వైరస్, క్లోరిన్ తగిలితే చచ్చిపోతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఫ్లోరైడ్ బాధ పడ్డ మనకు అవి మంచివే, టీకాకు మాత్రం విషం. వాసన రావట్లేదు కదా అని వాడకండి. బోరు నీళ్లే పట్టండి. బ్లీచింగ్ చల్లిన బావి నీళ్లూ పనికిరావు. తొట్లను ముందు రోజే ఉత్త నీళ్లతో రుద్ది కడగండి, సబ్బు జిడ్డు మిగిలినా టీకా పాడవుతుంది. ముందు రోజు, ఆ రోజు, మర్నాడు నీళ్లలో వేరే మందులేవీ కలపొద్దు.

లీటరుకు రెండున్నర గ్రాముల పాలపొడి కలిపి 20 నిమిషాలు ఆగండి. మిగిలిన కాస్త క్లోరిన్ ఉన్నా పాలపొడి దాన్ని విరిచేస్తుంది. తర్వాత సీసాను ఆ నీళ్లలో ముంచి, లోపలే మూత తీయండి. నాలుగు వారాల పిల్లలు వంద ఉంటే సుమారు మూడు లీటర్లు చాలు.

తెల్లవారుజామునే ఇవ్వాలి. సాయంత్రం ఇచ్చేవాళ్లున్నారు, వాళ్లది బద్ధకం. అంతకుముందు గంట, గంటన్నర నీళ్లు ఆపితే దాహానికి ఎగబడి తాగుతాయి. ఎండాకాలం గంట మించొద్దు. తొట్లు నీడలో, ఎక్కువ చోట్ల పెట్టండి. లేకపోతే పెద్ద పుంజులు బక్క పిల్లల్ని దగ్గరికి రానివ్వవు. రెండు గంటల్లో నీళ్లు అయిపోవాలి, మిగిలితే దాచొద్దు. కునికే కోళ్లకు ఇవ్వకండి.

ఎనిమిదో వారంలో వేసే ఆర్‌టూబీ (ఇదీ కొక్కెర టీకానే) మాత్రం సూదే. దాన్ని నీళ్లలో కలపకండి.